దీపానికి మేత పెట్టేదెవరు?

బడిలో సైన్స్ ఫెయిర్ అంటే బంగాళాదుంప గడియారం ఉండాల్సిందే. దుంపలో ఒక రాగి రేకు, ఒక జింకు మేకు గుచ్చి, తీగతో ఇంకో దుంపకు కలిపితే చిన్న డిజిటల్ గడియారం నడుస్తుంది. దుంప కరెంటిచ్చిందని పిల్లలు సంబరపడతారు. నిజానికి కరెంటిచ్చింది జింకు. దుంపలోని పుల్లటి రసంలో మేకు కొంచెం కొంచెంగా కరుగుతూ, ఒక్కో పరమాణువుకు రెండేసి ఎలక్ట్రాన్లను తీగలోకి వదులుతుంది. ఆ జింకును ఖనిజం నుంచి వేరుచేయడానికి ఏదో ఫ్యాక్టరీలో బోలెడు శక్తి ఖర్చయింది. అందులో కొద్ది భాగం ఇప్పుడు గడియారంలో తిరిగి బయటపడుతోంది. దుంప చేసిన పనల్లా రెండు లోహాల మధ్య అయాన్లకు దారి ఇవ్వడమే. 2010లో జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో హైం రబినోవిచ్ బృందం దుంపను ఉడికించి వాడితే శక్తి పది రెట్ల దాకా పెరుగుతుందని చూపింది. ఉడికినప్పుడు కణాల పొరలు చిట్లి అయాన్ల రాకపోకలు సులువవుతాయి. అంటే దుంపలో ప్రాణం పోయాకే బ్యాటరీ మెరుగైంది.

దుంపతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. నాచుతో మోగే రేడియో, బురదతో వెలిగే దీపం, పూలకుండీ మట్టిలోంచి కరెంటు తీసే లాంతరు లాంటివి పదిహేనేళ్లుగా యూరప్ డిజైన్ ప్రదర్శనల్లో కనిపిస్తున్నాయి. ఈ ప్రయత్నాలంటే నాకు చాలా ఇష్టం. ఇంట్లో వాడే వస్తువు బొగ్గు మీదా గనుల మీదా ఆధారపడకుండా ఇంటి చెత్తనో పెరటి మట్టినో తిని పనిచేయడం సాధించదగ్గ లక్ష్యమే. అంత ఇష్టం ఉంది కాబట్టే, అలాంటి వస్తువు ఎదురైనప్పుడు ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలంటాను. ఇక్కడ ఖర్చవుతున్న శక్తి ఎవరిది? జీవి తిన్న తిండిదా, కరిగిపోతున్న లోహానిదా?

జీవి తిన్న తిండి నుంచి నేరుగా విద్యుత్తు తీయవచ్చని మొదట చూపింది ఇంగ్లండ్‌లోని డర్హం విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం బోధించిన మైఖేల్ పాటర్. 1911లో ఆయన ఈస్టు, ఈ.కోలై బ్యాక్టీరియా పెరుగుతున్న ద్రవాల్లో ప్లాటినం ఎలక్ట్రోడ్లు ఉంచి వోల్టేజి కొలిచారు. అర వోల్టు దాకా వచ్చింది. ప్లాటినం కరగదు. కాబట్టి ఆ శక్తి పంచదార విచ్ఛిన్నమవుతున్నప్పుడు వచ్చిందేనని గట్టిగా చెప్పగలిగారు. దుంప గడియారానికీ పాటర్ ప్రయోగానికీ తేడా అక్కడే ఉంది.

అసలు బ్యాక్టీరియా తీగలోకి ఎలక్ట్రాన్లను ఎందుకు వదలాలి? మనం తిన్న అన్నంలోని ఎలక్ట్రాన్లు శరీరంలో అంచెలంచెలుగా ప్రయాణించి, చివరికి మనం పీల్చిన ఆక్సిజన్‌ను చేరతాయి. ఆ ప్రయాణంలో విడుదలయ్యే శక్తితోనే మనం బతుకుతున్నాం. చెరువు అడుగు బురదలో ఆక్సిజన్ ఉండదు. అక్కడి జీవులకు ఎలక్ట్రాన్లను వదిలించుకునే మరో చోటు కావాలి. 1987లో అమెరికాలోని పొటోమాక్ నది బురదలో డెరెక్ లవ్లీ కనుగొన్న జియోబ్యాక్టర్ రకం బ్యాక్టీరియా వాటిని తన ఒంటి బయట ఉన్న ఇనుప తుప్పు రేణువులకు అందిస్తుంది. గట్టి రేణువును లోపలికి తీసుకోలేదు కనుక సన్నటి ప్రోటీన్ తీగలను బయటికి చాస్తుంది. 2019లో శాస్త్రవేత్తలు క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఈ తీగలను చూసినప్పుడు, వాటి పొడవునా హీమ్ అణువులు వరుసగా పేర్చి ఉన్నాయని తేలింది. మన రక్తానికి ఎరుపునిచ్చేదీ హీమే. ఆక్సిజన్‌ను మోయడానికి మన ఒంట్లో పనికొచ్చిన అణువు బురదలో కరెంటు తీగగా మారడం నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యంగానే ఉంటుంది.

తుప్పు రేణువు స్థానంలో కార్బన్ ముక్క పెడితే ఈ బ్యాక్టీరియా దానికీ ఎలక్ట్రాన్లను అందిస్తుంది. ఆ కార్బన్‌కు తీగ కట్టి, తీగ రెండో కొసకు ఇంకో కార్బన్ ముక్క తగిలించి నీటి పైభాగంలో గాలి సోకే చోట ఉంచితే వలయం పూర్తవుతుంది. బురదలో ఆనోడ్, గాలి తగిలేచోట కాథోడ్. దీని పేరు మైక్రోబియల్ ఫ్యూయల్ సెల్. 2008లో అమెరికా నౌకాదళ పరిశోధనాలయం సముద్రపు అడుగు బురదలో ఇలాంటి సెల్ అమర్చి, నీటి మీద తేలే వాతావరణ కేంద్రాన్ని నడిపింది. అదే ఏడాది బెల్జియం, జపాన్ పరిశోధకులు వరి మొక్కల వేళ్లు మట్టిలోకి విడిచే పోషకాల నుంచి విద్యుత్తు వస్తుందని చూపించారు. నీళ్లు నిలిచిన వరిమడి కూడా ఆక్సిజన్ లేని బురదే మరి.

ఈ ప్రయోగం ఇంట్లో చేసి చూడవచ్చు. చెరువు బురదో వరిమడి మట్టో తెచ్చి గాజు సీసాలో సగం దాకా నింపండి. కార్బన్ ఫెల్ట్ ముక్కనో గ్రాఫైట్ కడ్డీనో అడుగున పాతిపెట్టి, పైన నీళ్లు పోసి, నీటి అంచున రెండో ముక్క ఉంచండి. బురదలో మునిగేచోట రాగి తీగ వద్దు. రాగి తానే రసాయన చర్యలో పాల్గొంటుంది, పైగా బ్యాక్టీరియాకు విషం. స్టెయిన్‌లెస్ స్టీలు తీగ మేలు. రెండు ముక్కల మధ్య వెయ్యి ఓంల రెసిస్టర్ కలిపి రోజుకోసారి మల్టీమీటర్‌తో కొలవండి. మొదట్లో మీటరు సున్నా దగ్గరే కదలాడుతుంది. కార్బన్ మీద జీవపొర కట్టేకొద్దీ అంకె పైకి జరుగుతుంది. కొన్ని వారాలకు తిండి అయిపోయి పడిపోతే రెండు చుక్కల గంజి పోసి చూడండి. ఇంకో సీసాలో అదే మట్టిని బాగా ఉడికించి పెట్టి, రెండింటినీ పోల్చి చూడండి. ఉడికిన దుంప బ్యాటరీ బలపడుతుంది. ఉడికిన బురద చాలా రోజులు చడీచప్పుడూ లేకుండా పడి ఉంటుంది. జీవం ఎక్కడ పనిచేస్తోందో తేల్చడానికి ఇంతకన్నా మంచి పరీక్ష ఇంట్లో దొరకదు.

మొక్క దీపమనో మట్టి దీపమనో చెప్పి ఎవరైనా వస్తువు చూపిస్తే ముందు ఎలక్ట్రోడ్లు దేనితో చేశారో అడగండి. రెండూ కార్బన్ అయితే మాట్లాడుకోవచ్చు. ఒకటి జింకో మెగ్నీషియమో అయితే అది వేషం మార్చిన దుంప గడియారమే.

పేరున్న ప్రయోగశాలల్లోనూ ఈ విషయం తేల్చడం అంత తేలిక కాదు. 2022లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పావొలో బొంబెల్లి, క్రిస్టొఫర్ హౌ బృందం పెన్సిల్ సెల్ సైజు డబ్బాలో, ఎండతో తిండి తయారుచేసుకునే సయనోబ్యాక్టీరియాను పెంచి, దానితో ఆర్మ్ సంస్థ మైక్రోప్రాసెసర్‌ను ఆరు నెలలకు పైగా నడిపినట్టు ప్రకటించింది. కిటికీ దగ్గర పెట్టిన ఆ డబ్బా పగలు ఎండ తగిలినప్పుడూ, రాత్రి చీకట్లోనూ పనిచేసింది. ఇక్కడ ఆనోడ్ అల్యూమినియం. ఎలక్ట్రాన్లను నేరుగా సయనోబ్యాక్టీరియాయే ఇస్తుండవచ్చు, లేదా అవి కల్పించిన పరిస్థితుల వల్ల అల్యూమినియం కరిగి ఇస్తుండవచ్చు అని పరిశోధకులు రెండు అవకాశాలనూ బయటపెట్టారు. దాచకుండా అలా చెప్పినందుకు ఆ పరిశోధన మీద నాకు గౌరవం పెరిగింది.

శక్తి జీవిదే అని తేలాక వచ్చే ప్రశ్న ఎంత అన్నది. డిజైనర్లు ఎక్కువగా బోర్లా పడేది ఇక్కడే.

ఒక మైక్రోబియల్ సెల్ సిద్ధాంతం ప్రకారం ఇవ్వగల గరిష్ఠ వోల్టేజి సుమారు 1.1. పని చేయించేటప్పుడు దొరికేది 0.3 నుంచి 0.5. తెల్ల ఎల్‌ఈడీ వెలగడానికి దాదాపు 3 వోల్టులు కావాలి. టార్చిలైటులో సెల్స్ పేర్చినట్టు ఏడెనిమిది సెల్స్‌ను వరుసగా కలపవచ్చు కదా అనిపిస్తుంది. అయితే ఇవి తిండి తినే సెల్స్. వరుసలో ఒకదానికి తిండి తగ్గితే మిగతావి బలవంతంగా దాని గుండా కరెంటు తోస్తాయి, దాని ధ్రువాలు తారుమారవుతాయి. అందుకని చాలామంది ఒక్కో సెల్ ఇచ్చేదాన్ని కెపాసిటర్‌లో కూడబెట్టి, వోల్టేజి పెంచే చిన్న సర్క్యూట్ ద్వారా అప్పుడప్పుడూ వాడతారు. దీపం వెలుగుతూ ఉండదు, ఉండుండి మెరుస్తుంది.

సీసా బదులు డ్రమ్ము పెడితే సరిపోతుందా అంటే అదీ లేదు. విద్యుత్తు పుట్టేది కార్బన్ ఉపరితలాన్ని అంటిపెట్టుకున్న పలుచటి జీవపొరలోనే. డ్రమ్ము పెద్దదైనకొద్దీ ఆ పొరకు దూరంగా ఊరికే ఉండిపోయే బురద పెరుగుతుంది, ఎలక్ట్రోడ్ల మధ్య దూరం పెరిగి నిరోధమూ పెరుగుతుంది. సీసా సెల్ నుంచి నిలకడగా ఒక మిల్లీవాట్ వస్తే బాగా వచ్చినట్టే. దాన్ని కరెంటు బిల్లు భాషలోకి మార్చి చూద్దాం. ఒక మిల్లీవాట్ ఇచ్చే సీసా ఒక్క యూనిట్ ఇవ్వడానికి పది లక్షల గంటలు పడుతుంది. అంటే 114 సంవత్సరాలు. 15 వాట్ అవర్ల మొబైల్ ఫోన్ బ్యాటరీని ఒక్కసారి నింపడానికి ఇరవై నెలలు దాటుతుంది.

ఈ లెక్క తెలిసి కూడా కొందరు డిజైనర్లు చేసిన ప్రయోగాలు విలువైనవి. కేంబ్రిడ్జిలో 2011 ప్రాంతంలో కార్లోస్ పెరాల్టా, అలెక్స్ డ్రైవర్ 112 నాచు కుండీలతో ఒక బల్ల తయారుచేశారు. బల్లకు తగిలించిన దీపం మాత్రం ఆ నాచుతో వెలగలేదు, రాబోయే రోజులకు సూచనగా పెట్టిందే. నాచు ఇచ్చింది డిజిటల్ గడియారం లాంటి చిన్న పరికరానికి సరిపడేంత శక్తి. 2014లో ఫాబియెన్ ఫెల్డర్ కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలతో కలిసి నాచు రేడియో చేశారు. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో ప్లాంట్-ఈ సంస్థ నీటి మొక్కల వేళ్ల దగ్గరి బ్యాక్టీరియాతో 300కు పైగా ఎల్‌ఈడీలు వెలిగించింది. డచ్ డిజైనర్ తెరెసా వాన్ డొంగెన్ బ్యాక్టీరియాతో వెలిగే దీపం చేసి, దానికి అప్పుడప్పుడూ పోషకం పోస్తుండాలని చెప్పారు. స్విచ్చి వేయడంతో సరిపోని, యజమాని పోషించాల్సిన దీపం అది. బ్రిటన్‌లో జేమ్స్ ఆగర్, జిమ్మీ లోజో 2009లో ఇంకాస్త ముందుకెళ్లి, ఈగలను పట్టి తినే గోడ గడియారాన్ని ఊహించారు. జీవశక్తి అంటే పచ్చదనం, ప్రశాంతత అనుకునేవాళ్లకు అది గుర్తుచేసిన సంగతి ముఖ్యమైనది. జీవం ఉన్నచోట ఆకలీ ఉంటుంది.

వీటన్నిటిలో అవసరానికి బాగా దగ్గరగా వెళ్లింది బ్రిస్టల్‌లోని వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్ విశ్వవిద్యాలయంలో యాన్నిస్ ఇరోపౌలోస్ బృందం. 2015లో సహాయ సంస్థ ఆక్స్‌ఫామ్‌తో కలిసి వీళ్లు మూత్రంతో నడిచే సెల్స్‌ను మూత్రశాల కిందే అమర్చి, ఆ గదిలోనే దీపం వెలిగించారు. శరణార్థి శిబిరాల్లో రాత్రిపూట చీకటి మరుగుదొడ్డికి వెళ్లే ఆడవాళ్ల భద్రత కోసం పుట్టిన ఆలోచన ఇది. నాకు ఇందులో నచ్చింది దీపం కన్నా ఎక్కువగా మేత ఏర్పాటు. జనం ఎలాగూ వస్తారు, సెల్‌కు ఎలాగూ తిండి దొరుకుతుంది. ఎవరూ గుర్తుపెట్టుకుని పోయనక్కర్లేదు. ఎక్కువమంది వాడే వేళ, అంటే దీపం ఎక్కువ అవసరమైన వేళ, మేత కూడా ఎక్కువే.

మిల్లీవాట్‌తో ఇంట్లో ఏమీ చేయలేమనుకోవడం కూడా తప్పే. గోడ గడియారం ఒక పెన్సిల్ సెల్‌తో ఏడాది నడుస్తుంది. సగటున అది వాడుకునేది అర మిల్లీవాట్ కూడా ఉండదు. కుండీలో తేమ ఎంతుందో గంటకోసారి కొలిచి చెప్పే సెన్సర్‌కు అంతకన్నా తక్కువ చాలు. వాడిపారేసే బటన్ సెల్స్, పెన్సిల్ సెల్స్ చోటును బురద సెల్ తీసుకోగలదు. మురుగునీటి శుద్ధిలో దీని ఉపయోగం ఇంకా పెద్దది. మురుగును శుభ్రం చేయడానికి ఇప్పుడు గాలి ఊదే మోటార్లకు కరెంటు ఖర్చుపెడుతున్నాం. ఆ పని చేస్తూనే తిరిగి కాస్త కరెంటిచ్చే జీవులు దొరికితే లాభం రెండువైపులా ఉంటుంది. హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థలో, అంటే ఐఐసీటీలో, ఎస్. వెంకటమోహన్ ఏళ్ల తరబడి పనిచేసింది ఈ రంగంలోనే. 2014లో ఆయనకు శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది.

కానీ ఇంట్లో అసలు ఆకలి పొయ్యిది. అక్కడ మిల్లీవాట్లు చాలవు, వందల వాట్లు కావాలి. దానికీ జీవులే జవాబు చెప్పాయి, చాలాకాలం కిందటే.

బురదలో ఎలక్ట్రాన్లను ఇవ్వడానికి తుప్పు కూడా దొరకని చోట మరో రకం సూక్ష్మజీవులు వాటిని మీథేన్ రూపంలో దాచి వదిలేస్తాయి. ఆ మీథేన్‌ను మనం పొయ్యి దగ్గర గాలితో కలిపి వెలిగిస్తే, ఎలక్ట్రాన్లు చివరికి ఆక్సిజన్‌నే చేరతాయి. బురద సెల్‌లోనూ గోబర్ గ్యాస్‌లోనూ జరిగే ప్రయాణం ఒకటే. సెల్‌లో ఆ శక్తి తీగ గుండా వస్తుంది, ఇక్కడ మంటగా వస్తుంది. తేడా పరిమాణంలో ఉంది. గ్యాస్ ట్యాంకులో ఉపరితలమే కాకుండా లోపలి ద్రవమంతా పనిచేస్తుంది. రోజంతా నెమ్మదిగా పుట్టిన గ్యాస్‌ను పట్టి ఉంచి అరగంటలో వాడుకోవచ్చు.

లెక్క చూద్దాం. నలుగురున్న ఇంట్లో రోజుకు కిలోన్నర వంటింటి వ్యర్థం వచ్చిందనుకుందాం. అందులో ఎక్కువ భాగం నీరే, ఎండు పదార్థం పావు కిలో దాకా ఉంటుంది. పావు కిలో పిండిపదార్థం పూర్తిగా జీర్ణమైతే సిద్ధాంతం ప్రకారం వంద లీటర్ల మీథేన్ రావాలి. వంద లీటర్ల మీథేన్‌లో ఉండే వేడి దాదాపు ఒక యూనిట్ కరెంటుకు సమానం. తొక్కల్లో పీచు ఉంటుంది కాబట్టి అంతా జీర్ణం కాదు. అరవై లీటర్లు వచ్చాయనుకుంటే, పొయ్యిలో సగం వేడి వృథా అయినా మూడు లీటర్లకు పైగా నీళ్లు మరుగుతాయి. ఇంటి వంటంతా దానితో కాదు. పొద్దున కాఫీ, ఒక పూట అన్నం అయిపోతాయి. సీసా సెల్‌కు 114 ఏళ్లు పట్టే పనితో పోలిస్తే ఇది మరో లోకం. పేడ ఉన్నవాళ్లకు ఇంకా మేలు. 25 కిలోల పచ్చి పేడకు రోజుకు ఒక ఘనపు మీటరు గ్యాస్ వస్తుంది. వేడిలో అది సుమారు 450 గ్రాముల ఎల్‌పీజీకి సమానం. మీథేన్ పుట్టించే జీవులకు ముప్ఫై అయిదు డిగ్రీల వెచ్చదనం ఇష్టం. నెదర్లాండ్స్‌లో ట్యాంకును వేడిచేసి ఆ పరిస్థితి కల్పించాలి. మన కోస్తాలో, తెలంగాణ పల్లెల్లో ఏడాదిలో ఎక్కువ కాలం వాతావరణమే ఆ పని చాలావరకు చేసిపెడుతుంది.

ఈ గ్యాస్‌ను సిలిండర్‌లో ఎందుకు నింపుకోలేం అని చాలామంది అడుగుతారు. ఎల్‌పీజీ మామూలు వేడిలోనే కొద్ది ఒత్తిడికి ద్రవమైపోతుంది. మీథేన్‌ను మైనస్ 82 డిగ్రీల కన్నా చల్లబరచకుండా ఎంత ఒత్తిడి పెట్టినా ద్రవం కాదు. అందుకే అది పుట్టిన ఇంట్లోనే, తక్కువ ఒత్తిడిలోనే వాడుకోవాలి. బర్నర్ రంధ్రాలు కూడా పెద్దవిగా ఉండాలి. ఎల్‌పీజీ పొయ్యికి నేరుగా కలిపితే మంట నిలబడదు.

మన దేశంలో ఈ గ్యాస్ వయసు తక్కువేమీ కాదు. 1897లోనే బొంబాయి మాటుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో దీనితో దీపాలు వెలిగించారు. 1951లో జశ్‌భాయ్ పటేల్ తేలే డ్రమ్ము నమూనా తెచ్చారు. గ్యాస్ నిండితే ఇనుప డ్రమ్ము పైకి లేస్తుంది, వాడితే కిందికి దిగుతుంది. ఎంత గ్యాస్ ఉందో కంటికి కనిపించేది, వంట మొదలుపెట్టే ముందు ఇంటావిడ ఒకసారి పెరట్లోకి తొంగిచూస్తే చాలు. వస్తువును తయారుచేయడంలో ఇంత మంచి ఆలోచన అరుదు. 1962 నుంచి ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ దాన్ని ఊరూరికీ తీసుకెళ్లింది. ఇనుము తుప్పు పడుతోందని, ఖర్చు ఎక్కువని 1984లో ఇటుక గుమ్మటంతో దీనబంధు నమూనా వచ్చింది. ధర తగ్గింది. గ్యాస్ ఎంతుందో కంటికి కనిపించే సౌకర్యం పోయింది.

తర్వాతి మలుపు పుణెలోని ఆర్తి సంస్థది. ఆనంద్ కర్వే అక్కడ అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. పేడ అంటే ఆవు తినగా మిగిలింది. అందులో సారం చాలావరకు పోయే ఉంటుంది. సూక్ష్మజీవులకు ఆవు తిన్నాక మిగిలింది కాకుండా అసలు తిండే పెడితే? పిండిపదార్థాలు, పాడైన ధాన్యం, మిగిలిన అన్నం పెట్టి చూస్తే గ్యాస్ త్వరగా, ఎక్కువగా వచ్చింది. వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకులో అంతకన్నా చిన్న ట్యాంకును బోర్లించి ఇంటి ప్లాంటు చేశారు. బజారులో దొరికే రెండు ట్యాంకులు, నాలుగు పైపులతో పని అయిపోయింది. 2006లో దీనికి బ్రిటన్‌లో యాష్‌డెన్ అవార్డు వచ్చింది.

ఇన్ని మంచి నమూనాలు వచ్చాక కూడా మూలపడిన గోబర్ గ్యాస్ గుంతలు మన ఊళ్లలో ఎన్నో కనిపిస్తాయి. సాంకేతికత విఫలమైందని నేను అనుకోను. పశువులు తగ్గాయి, ఎల్‌పీజీ గుమ్మం దాకా వచ్చింది. వీటికంటే ముందు చెప్పుకోవాల్సిన కారణం ఇంకొకటుంది. రోజూ పేడ ఎత్తి, సమానంగా నీళ్లు కలిపి, చేత్తో పిసికి, గడ్డిపరకలు ఏరి, తొట్టిలో పోయాలి. ఈ పనంతా చాలా ఇళ్లలో ఆడవాళ్ల మీదే పడింది. బర్నర్ గురించీ గుమ్మటం గురించీ దశాబ్దాల పాటు ఆలోచించిన ఇంజనీర్లు పేడ కలిపే చోటును మాత్రం గోడకట్టిన గుంతగా వదిలేశారు. రోజూ మనిషి చేయి తగిలేది అక్కడే.

పాడి ఉన్న ఇళ్లలో కుడితి తొట్టి ఎలా ఉండేదో చూసినవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. పెరటి గుమ్మం పక్కనే, చేయి చాస్తే అందేంత దూరంలో ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తొక్కలు వంట మధ్యలోనే అందులో పడిపోయేవి. గేదెకు మేత సిద్ధం చేయడం విడిగా ఒక పని అనిపించేది కాదు. ఇంటి గ్యాస్ ట్యాంకు కూడా అలా అమరాలి. నెదర్లాండ్స్‌లో ఫిలిప్స్ డిజైన్ విభాగం 2011లో మైక్రోబియల్ హోం పేరుతో చూపిన వంటింటి నమూనాలో ఈ ఆలోచన ఉంది. కూరలు తరిగే బల్లకే గ్రైండర్, దాని కింద గాజు గుమ్మటంలో జీర్ణమవుతున్న వ్యర్థం, పక్కనే ఆ గ్యాస్‌తో మండే పొయ్యి. బల్ల మీద తొక్కలు చేత్తో అలా నెడితే చాలు. అందరూ గాజు గుమ్మటాన్ని ఫోటోలు తీశారు. నా దృష్టిలో అందులోని అసలు గొప్పదనం ఆ బల్ల మీది రంధ్రం. అది అమ్మకానికి రాలేదు, ఊహాచిత్రంగానే మిగిలింది.

అమ్మకానికి వచ్చిన వస్తువుల్లో ఇజ్రాయెల్‌కు చెందిన హోంబయోగ్యాస్ మెత్తటి సంచిలాంటి ట్యాంకు చేసింది. గ్యాస్‌కు కావలసిన ఒత్తిడి పైన పెట్టిన ఇసుక మూటల బరువుతో వస్తుంది. మోటారు లేదు, చెడిపోయే భాగం లేదు. ఇలాంటి ఆలోచనలు ఇంకా రావాలి. ఎందుకంటే ఆర్తి చేసిన రెండు ట్యాంకుల నమూనాలో ట్యాంకుల మధ్య సందు తెరిచే ఉంటుంది. అక్కడి నుంచి వాసన, కొంత గ్యాస్ పోతాయి, దోమలు చేరతాయి. మేత ఎక్కువైతే ఇంకో చిక్కు. పండగ నాడు మిగిలిన పులిహోర, పాయసం అంతా ఒక్కసారే పోస్తే ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా చకచకా పెరిగిపోతుంది, మీథేన్ జీవులు అంత వేగాన్ని అందుకోలేవు. ట్యాంకు పులిసిపోతుంది. గ్యాస్ వస్తుంది గానీ అందులో కార్బన్ డయాక్సైడే ఎక్కువ, అగ్గిపుల్ల గీసినా అంటుకోదు. మేత ఆపి, కాస్త పేడనీళ్లో సున్నపు నీళ్లో కలిపి కొన్నాళ్లు వదిలేస్తే కోలుకుంటుంది. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులు మేత పెట్టకపోతే మాత్రం ఏ ప్రమాదమూ లేదు. ఆకలిని తట్టుకుంటుంది, అజీర్తిని తట్టుకోలేదు. ట్యాంకు పులుపు ఎక్కుతోందని ముందే రంగు మారి చెప్పే మూతను ఎవరైనా తయారుచేస్తే ఎన్ని ప్లాంట్లు మూలపడకుండా ఉంటాయో!

జాగ్రత్తలు కూడా చెప్పాలి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. ట్యాంకు బయటే, గాలి ఆడేచోట ఉండాలి. గ్యాస్‌లో వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ విషం, ఇత్తడి వాల్వులనూ తినేస్తుంది. పైపు మధ్యలో ఇనుప రజను నింపిన గొట్టం పెడితే చాలావరకు అక్కడే ఆగిపోతుంది. పైపులో నీరు చేరి మంట ఎగిరెగిరి పడుతుంటే, పైపు వంపులో నీటిని వదిలే చిన్న కుళాయి లేదన్నమాట.

అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్లు ఒక్కో ఇంటికీ ట్యాంకు పెట్టుకోలేరు, పెట్టుకోవాలని నేను అననూ అనను. అక్కడ బ్లాకు మొత్తానికి ఒకటి ఉండాలి. హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో ఐఐసీటీ సాంకేతికతతో నడిచే ప్లాంటు రోజుకు సుమారు పది టన్నుల కూరగాయల చెత్త నుంచి దాదాపు 500 యూనిట్ల విద్యుత్తు, మార్కెట్ క్యాంటీన్ వంటకు గ్యాస్ ఇస్తుందని లెక్క. మార్కెట్ ఉన్నంతకాలం మేతకు లోటుండదు, మేత పెట్టడానికి జీతం ఉన్న మనిషీ ఉంటాడు. బ్రిస్టల్ మూత్రశాల నేర్పింది కూడా ఇదే.

ఇంజనీరింగ్, డిజైన్ చదువుతున్న విద్యార్థులకు ఒక విన్నపం. చివరి ఏడాది ప్రాజెక్టుకు బురదతో ఎల్‌ఈడీ వెలిగించడం ఇప్పటికే చాలామంది చేశారు. మీరు వంటగట్టుకు అమరే మేత రంధ్రాన్ని తయారుచేయండి. వాసన రాకూడదు, దోమ దూరకూడదు, చేతికి చెత్త అంటకూడదు, గ్యాస్ ఎంతుందో వంటింట్లోంచే కనిపించాలి, అరవై ఏళ్ల అమ్మ కూడా వంగకుండా వాడగలగాలి. తయారయ్యాక దాన్ని కాలేజీ ల్యాబులో పెట్టకండి. ఒక ఇంట్లో పెట్టి, ఆ ఇంట్లో వంట చేసే మనిషి ఆరు నెలలు వాడాక ఏమంటుందో వినండి, ఆవిడ చెప్పినట్టు మార్చండి.